ఏటికి ఎదురు వచ్చిన పుట్టి

మా ఇంట్లో దయ్యమనే మాట పిల్లలకు నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించడానికే పనికొచ్చేది. నేనూ అలాగే వాడుకున్నాను గానీ ఏనాడూ నమ్మింది లేదు. ఇది పట్టపగలు, ఈ కళ్ళతో చూసిన సంగతి.

స్వరాజ్యం రాకముందు మాట. మాది కర్నూలు దగ్గర నేతపని చేసే ఇల్లు. అమావాస్య నాడు మగ్గం ముట్టం. ఒక ఎండాకాలపు అమావాస్యకు మా ఆయన నన్నూ, ఏడాది దాటిన మా పాపనూ తుంగభద్ర నడుమ ఉన్న తిప్పకు తీసుకుపోయాడు.

కాపురాలు లేని చోటు. నీళ్ళు తొలిచిన నున్నటి బండలు, పెద్దవాళ్ళు కూడా జారే జారుడుబండ, మోకాటి లోతు మడుగులు, ఇసుకలో కాసే దోసకాయలు. నీళ్ళాడి, మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకు తిని రావడమే. పొద్దస్తమానం గుంటమగ్గంలో కూర్చునే మాకు అదే స్వర్గం.

మమ్మల్ని దాటించింది ఖాసిం తాత. వెదురు బుట్టకు తోలు కప్పిన గుండ్రటి పుట్టి ఆయనది. పాప అందులోనే నిద్రపోయింది. ఇసుక కాలుతోంది, పుట్టి బండ నీడలో ఉంది. అందుకే లేపలేదు.

"నమాజు చేసుకోనొస్తా. తాడు ఆ రాయికి కట్టప్పా. కట్టేది వస్తాదా, నేర్పల్లనా?" అన్నాడు తాత.

"దినానికి నూరు పోగులు అతికేటోన్ని తాతా. తాడు నాకొక లెక్కనా?" అన్నాడు మా ఆయన.

తాడు చాలలేదు. ఇంకో ముక్క తెచ్చి, మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడే వేశాడు. దారానికి గట్టిగా పట్టే ఆ ముడి నానిన తాడుకు పట్టలేదు.

నేను పొయ్యి ఊదుతూ తలెత్తేసరికి పుట్టి ఏటి నడుమ ఉంది. గిరగిరా తిరుగుతూ, నీళ్ళు తెల్లగా విరుచుకుపడే రాళ్ళవైపు పోతోంది. పొయ్యి వదిలేసి నీళ్ళ అంచుకు పరుగెత్తాను. మా ఆయన నీళ్ళలోకి దూకాడు. అందే దూరం కాదు.

అప్పుడు పుట్టి ఆగింది.

తిరగడం మానింది. నిండుకుండ నెత్తిన పెట్టుకున్న మనిషి నడిచినట్టు, మెల్లగా మావైపు రాసాగింది. దాని పక్కనుంచే నురగ కిందికి పోతోంది. గాలి లేదు, మా పొయ్యి పొగ నిట్టనిలువునా లేస్తోంది. తెడ్డూ గెడా రెండూ ఇసుకలోనే ఉన్నాయి.

"ముట్టుకోవద్దప్పా! రానీ," అని నమాజు ముగించి వచ్చిన తాత అరిచాడు.

"ఎవురు తోస్తాండారు తాతా?" అన్నాను.

"నాకేం కనపడతాదమ్మా? నీకు కనపడేదే నాకూ."

పుట్టి నా కాళ్ళ దగ్గర ఇసుకను తాకి నిలిచింది. పాప ఇంకా నిద్రలోనే ఉంది. ఒంటిమీద నీటి చుక్క లేదు.

సుడి వెనక్కి తెచ్చిందేమోనని మా ఆయన అక్కడే ఎండుకట్టెలు వేసి చూశాడు. ఒకటి కాదు, పది వేశాడు. అన్నీ కిందికే కొట్టుకుపోయాయి.

ఆ పాప ఇప్పుడు పిల్లల తల్లి. దేవుడని చెప్పలేను, దయ్యమని చెప్పలేను. ఎవరికి మొక్కాలో తెలియక ఆ రోజు బిడ్డను ఎత్తుకుని ఏటివైపు తిరిగి దండం పెట్టాను. ఎవరు అందుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.