ఊపిరి దాచుకున్న నడక

తార్నాకలోని ఆ చిన్న దవాఖానాలో ఇంటికి ఇచ్చే ఆక్సిజన్ మిషన్ ఒక్కటే ఉంది. దానికోసం వచ్చిన రోగులు ఇద్దరు. భారతమ్మ కూర్చోలేక నిలబడింది, నిలబడలేక కూర్చుంది.

ఆమె భర్త బుచ్చిరాములు వయసులో ఉండగా మౌలాలి క్వారీల్లో రాళ్లు కొట్టేవాడు. తరవాత యూనివర్సిటీలో అటెండరయ్యాడు. రాతిదుమ్ము మాత్రం లోపలే ఉండి ఊపిరితిత్తులను గట్టిపరిచింది. ఇది మందులతో నయం కాదనీ, పెద్ద ఆసుపత్రుల్లోనైతే ఊపిరితిత్తులే మారుస్తారనీ, అక్కడ కూడా జబ్బు ఎక్కువ ముదిరినవాళ్లదే ముందు వంతనీ డాక్టర్ కాత్యాయని చెప్పింది. అది తేల్చడానికి తను వరండాలో నడిపించి చూస్తుందట. ఎవరికి ఎక్కువ ఆయాసమైతే మిషన్ వాళ్లకే.

పెద్దవాళ్ల ముందుకు రొప్పుతూ పోకూడదన్నది బుచ్చిరాములు ఉద్యోగంలో నేర్చుకున్న మర్యాద. రిజిస్ట్రార్ గది బయట కూడా ఊపిరి కుదుటపడ్డాకే తలుపు తట్టేవాడు. అందుకే భారతమ్మ అతనికి గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, ఆటోలో తెచ్చింది. గేటు దగ్గర చాలాసేపు కూర్చోబెట్టి, ఆయాసం తగ్గాకే లోపలికి తీసుకొచ్చింది.

లాలాపేట్ నుంచి సిటీబస్సులో నిలబడి వచ్చిన రెండో రోగి ఇన్నయ్య నడుస్తూ రెండుసార్లు గోడ పట్టుకున్నాడు. బుచ్చిరాములు పెదవులు బిగించి, మెల్లగా, ఎక్కడా ఆగకుండా నడిచాడు. మిషన్ ఇన్నయ్యకే అంది డాక్టరు.

భారతమ్మ డాక్టరు ముందుకు వచ్చింది.

"డాక్టరమ్మా, ఈయన దమ్ము ఆపుకొని నడిచిండు. ఇంట్ల బాత్రూం దాక పోతె సుత గోడకు ఆనుకుంటడు."

"ఊకోవే. ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు బుచ్చిరాములు.

డాక్టరు లేచి, ఈసారి తనతో మాట్లాడుతూ నడవమంది. పక్కనే నడుస్తూ ఉద్యోగం గురించి అడిగింది. పెద్దవాళ్లు అడిగితే జవాబియ్యకుండా ఉండలేడు అతను. ఏ సెక్షనో చెప్పబోయి, రెండో స్తంభం దగ్గర మాట సగంలో ఆగిపోయాడు. స్తంభాన్ని పట్టుకుని వంగిపోయాడు. పెదవులు నీలంగా మారాయి. డాక్టరు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మిషన్ ఇటు తెమ్మని నర్సుతో చెప్పింది. ఇన్నయ్యకు ఇంకో మిషన్ వచ్చేదాకా ఆగక తప్పదంది.

ఇన్నయ్య కోప్పడలేదు. బెంచీ మీద ముందుకు వంగి అడిగాడు.

"మరి ముందుగాల గంత సక్కగ ఎట్ల నడిచినవ్ అన్నా?"

బుచ్చిరాములు నోరు తెరిచాడు. ఊపిరి అందలేదు. భారతమ్మ ఇన్నయ్య వైపు చూడకుండా, మిషన్ స్విచ్ ఎక్కడుందని నర్సును రెండుసార్లు అడిగింది.