అత్తయ్య రెండు గిన్నెలు

మా అత్తయ్య తను వండింది ఎవరింటికైనా పట్టుకెళ్లిందంటే చేతిలో రెండు గిన్నెలు ఉండాల్సిందే. ఒక్క గిన్నెతో వెళ్లిన పాపాన పోలేదు. ఆ రెండిట్లోనూ చీజ్ వేసి చేసినదేదో ఉండేది. మాకరోనీ కావచ్చు, బంగాళాదుంపలు కావచ్చు, కాలీఫ్లవర్ కావచ్చు, పైన మాత్రం ఎర్రగా కాలిన చీజ్ పొర తప్పదు. గిన్నెలు బల్ల మీద పక్కపక్కన పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేది.

"ఇది మొదటిది. ఇది రెండోది. ఏది నయం?"

ఈ అలవాటు ఆవిడకి ఉద్యోగం వల్ల అంటుకుంది. కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్షించడం ఆవిడ పని. వచ్చినవాళ్ల ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ పొద్దస్తమానం అడిగేది ఇదే. మొదటిదా, రెండోదా? పెళ్లి కాకముందు చేరింది, మావయ్య పోయాక కూడా అక్కడే ఉంది. మాటలు నాలుక్కి అతుక్కుపోయాయి. ఎవరికో కవలలు పుడితే చూడ్డానికెళ్లి, ఆ తల్లిని కూడా ఇదే అడిగిందని మా నాన్న చెప్తాడు. అది పచ్చి అబద్ధమని అత్తయ్య అంటుంది.

రెండూ బాగున్నాయని చెప్పి తప్పించుకోవడం ఆవిడ దగ్గర కుదరదు. నాన్న ఎన్నోసార్లు ప్రయత్నించాడు.

"రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయక్కా."

"ఒకే కంటికి రెండు అద్దాలు పెట్టుకుంటావట్రా? ఒకటి చెప్పు."

"అయితే మొదటిది."

"ఒక్క చెంచాకే తేలిపోయిందా? సగం తిని చెప్పు. ఇప్పుడు రెండోది సగం. ఇప్పుడు మళ్లీ మొదటిది."

తీర్పు వచ్చేసరికి రెండు గిన్నెలూ నాకినట్టు ఉండేవి. పోనుపోను మేమంతా ఈ విద్యలో ఆరితేరిపోయాం. రెండోదాంట్లో జాజికాయ ఎక్కువ పడిందని నాన్న కళ్లు మూసుకుని చెప్పేవాడు. మొదటిదాంట్లో పాలు చిక్కగా ఉన్నాయని అమ్మ అనేది. ఒకసారి మాకరోనీ దగ్గర మాటామాటా పెరిగి ఇద్దరూ ఒక పూటంతా మాట్లాడుకోలేదు. నేను అమ్మ వైపు. నాన్నకి సిగరెట్ల వల్ల నాలుక మొద్దుబారిందని నా అనుమానం.

అత్తయ్య మీద అమ్మకి ఒక్కటే ఫిర్యాదు. ఆవిడకి సమయం సందర్భం తెలీదు. మా అక్క పెళ్లికి ఉత్తచేతులు ఊపుకుంటూ వచ్చింది. నాన్నకి ప్రమోషన్ వచ్చిన రోజూ అంతే. వచ్చి, మేం వండుకున్నదంతా సుష్ఠుగా తిని, ఉప్పు ఎక్కువైందని చెప్పి మరీ పైకి వెళ్లిపోయింది. మా పై అంతస్తులోనే ఉండేది కాబట్టి ఆవిడకి దూరాభారమూ లేదు.

కింది అంతస్తులో సోఫాల బాబాయి ఉండేవాడు. ముందు గదిలోనే సోఫాలకి గుడ్డ కత్తిరించి కుట్టేవాడు. మనిషికి ముక్కు మీద కోపం. బాగాలేనిదాన్ని బాగాలేదని మొహం మీదే అంటాడు, బాగున్నదాన్ని కూడా అలాగే అంటాడు. ఆయనతో నెగ్గుకొచ్చిన ఒకే ఒక్క మనిషి పిన్నిగారు. ఆవిడ జబ్బుచేసి పోయాక ఆయన పొయ్యి వెలిగించడం మానేశాడు. టీ, దాంట్లోకి రెండు రస్కులు, అంతే. అమ్మ సూప్ పట్టుకెళ్తే మూత కూడా తీయలేదు.

"నేను జాలి తినను. తీసుకెళ్లమ్మా."

మెల్లగా కుట్టుమిషన్ చప్పుడు కూడా ఆగిపోయింది. ఒకరోజు సోఫా చట్రం ఎత్తబోయి అక్కడే కూలబడ్డాడు. నాన్న పరుగెత్తి లేపాడు. మనిషి మరీ తేలిగ్గా లేచాడట, నాన్న అందుకు భయపడ్డాడు.

"ఇలాగైతే ఆయన ఎక్కువ కాలం ఉండడు," అన్నాడు ఇంటికొచ్చి.

ఆ సాయంత్రం అత్తయ్య నన్ను పిలిచి ఒక గిన్నె నా చేతికిచ్చింది, ఒకటి తను పట్టుకుంది. బంగాళాదుంపల చక్రాలు పరిచి, వెన్నలో పిండి వేయించి పాలు పోసి చేసిన చిక్కటి జారుని వాటి మీద పోసి, పైన చీజ్ తురిమి కాల్చింది. కింద బాబాయి తలుపు సగమే తెరిచాడు.

"అన్నయ్యగారూ, మీతో పనిపడింది," అంది అత్తయ్య. "మా ఇంట్లోవాళ్లకి నోట్లో రుచి చచ్చిపోయింది. ఏం పెట్టినా బాగుందంటారు. మీరైతే ఉన్నదున్నట్టు చెప్తారట."

"చెప్తాను. నాకేం మొహమాటం?"

"అందుకే వచ్చాను." అత్తయ్య లోపలికి నడిచి, గిన్నెలు బల్ల మీద పెట్టించి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇది మొదటిది, ఇది రెండోది."

బాబాయి నిలబడే రెండిట్లోంచీ ఒక్కో చెంచా తిన్నాడు. "రెండూ బాగాలేవు," అన్నాడు.

నేను గిన్నెలు తీయబోయాను. అత్తయ్య కుర్చీలోంచి కదల్లేదు.

"ఏది తక్కువ బాగాలేదు?"

ఈ ప్రశ్న ఆయన్ని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడిగి ఉండరు. ఆలోచిస్తూ కూర్చున్నాడు. మళ్లీ చెంచా అందుకున్నాడు.

"మొదటిదాంట్లో ఉప్పు తక్కువ. రెండోదాంట్లో దుంపలు మందం."

"ఏ మాత్రం మందం?"

అది చూడ్డానికి ఇంకాస్త తిన్నాడు. ఉప్పు సంగతి నిర్ధారించుకోవడానికి మళ్లీ మొదటిది తిన్నాడు. చివరికి, పోనీ రెండోదే నయం అన్నాడు. అప్పటికి గిన్నెల్లో ఏమీ లేదు.

"రేపు సరిచేసి తెస్తాను. తేల్చాల్సిన పూచీ మీదే," అని అత్తయ్య లేచింది.

మర్నాడు మాకరోనీ, ఆ మర్నాడు కాలీఫ్లవర్. రొట్టె ముక్కల మీద గుడ్డు, గుడ్డు మీద చీజ్ ఇంకోరోజు. బాబాయి దేన్నీ వదిలిపెట్టలేదు. ఉల్లిపాయలు వేగలేదన్నాడు, మిరియాలు కాకిరెట్టలా పడ్డాయన్నాడు. మొదట్లో గొణిగేవాడు, తర్వాత అరవడం మొదలుపెట్టాడు. ఆయన తిట్లు మా వాటాదాకా వినిపించిన రోజు అమ్మ నిశ్చింతగా పడుకుంది. వారం తిరక్కుండా కుట్టుమిషన్ చప్పుడు కూడా వినిపించింది.

అసలు సంగతి నాకు ఆ తర్వాతే తెలిసింది. ఒకరోజు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి అత్తయ్య వంటింట్లోకి వెళ్లాను. ఓవెన్‌లోంచి ట్రే తీసింది. కత్తితో సరిగ్గా మధ్యకి కోసి, చెరో సగం చెదరకుండా చెరో గిన్నెలో పెట్టింది.

"అత్తయ్యా, ఇది మొదటిది. మరి రెండోదేదీ?"

"ఇదే."

"అదేంటి, రెండూ ఒకటేనా?"

"ఇంత చిన్న ఓవెన్‌లో రెండు ట్రేలెలా పడతాయే?"

"ఎప్పట్నుంచి ఇలా?"

"మొదట్నుంచీ." గిన్నె అంచు గుడ్డతో తుడుస్తూ మామూలుగా చెప్పింది. "ఒక్క గిన్నె ఇస్తే రెండు చెంచాలు తిని, థాంక్స్ చెప్పి మూత పెట్టేస్తారు. దిగులుగా ఉన్న మనిషిని తినమంటే కోపం వస్తుంది. ఏది నయమో చెప్పమంటే తింటారు. మీ నాన్నతో మాత్రం అనకు. జాజికాయ మీద వాడికి చాలా నమ్మకం."

ట్రే అడుగున అంటుకున్న చీజ్ గీక్కుని తింటూ లెక్క చూసుకున్నాను. నాన్న ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు రెండు గిన్నెలు. నేను పరీక్ష తప్పినప్పుడు రెండు గిన్నెలు. అక్క పెళ్లికి ఉత్తచేతులు. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత అత్తయ్య మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. అమ్మ వైపు నిలబడి నాన్న నాలుకని నిందించినందుకు కాస్త సిగ్గు కూడా వేసింది.

ఆ ఏడాదే కళ్లజోళ్ల దుకాణానికి కొత్త యంత్రం వచ్చింది. దాని ముందు గడ్డం ఆనిస్తే చాలు, చీటీ అదే ఇస్తుంది. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. యజమాని అత్తయ్యకి మర్యాదగా ఒక గడియారం ఇచ్చి ఇంటికి పంపించాడు. అత్తయ్య ఆ గడియారం బల్ల మీద పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. మర్నాడూ అలాగే కూర్చుంది. ఓవెన్ వెలగలేదు. అమ్మ ఏదో పట్టుకెళ్తే, ఆకలిగా లేదమ్మా అంది. రెండు గిన్నెలు తీసుకెళ్లాలన్న ఊహ నాకు తట్టనే లేదు, తెలిసి ఉండి కూడా.

మూడో రోజు పొద్దున బాబాయి మా చిన్న ఓవెన్ అరువడిగి పట్టుకెళ్లాడు. మధ్యాహ్నానికి మెట్లనిండా మాడు వాసన. కాసేపటికి ఆయన రెండు గిన్నెలు పట్టుకుని ఆయాసపడుతూ పైకెక్కాడు. వెనకే నేనూ వెళ్లాను. గిన్నెలు అత్తయ్య ముందు పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇది మొదటిది. ఇది రెండోది."

చీజ్ మాకరోనీ. మొదటి గిన్నెలో అంచున ఒక నల్లటి మాడుమచ్చ ఉంది, సగానికి తెగి. మిగతా సగం రెండో గిన్నెలో ఉంది. అత్తయ్య ఆ మచ్చ కేసి చూసింది, బాబాయి కేసి చూసింది.

"అన్నయ్యగారూ, మీకు తెలుసా?"

"గుడ్డ కత్తిరించి బతికేవాణ్ణి. ఒక ముక్కని రెండు చేస్తే పోల్చుకోలేనా? మొదటి రోజే తెలిసింది."

"మరి మొదటిదాంట్లో ఉప్పు తక్కువన్నారు?"

"తక్కువే. రెండోదాంట్లోనూ తక్కువే. నువ్వు అడిగింది చెప్పాలి గదా అని ఏదో ఒకటి చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పు, ఏది నయం?"

అత్తయ్య మొదటి గిన్నెలోంచి ఒక చెంచా తింది. రెండో గిన్నెలోంచి ఒకటి తింది. ఎంత చేదుగా ఉందో ఆవిడ మొహమే చెప్తోంది. అయినా కళ్లజోడు సర్దుకుని, దుకాణంలో కూర్చున్నప్పటిలా నిటారుగా కూర్చుంది.

"అప్పుడే చెప్పలేను," అంది. "మొదటిది మళ్లీ ఇటివ్వండి."