నేను కాపాడిన చెట్టు

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లను మీరు చూసే ఉంటారు. కాయలు కూడా లేకుండా పరువు మొత్తం అమ్ముకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఎంత ఘోరం చేశానో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ, చెట్టు పేరు మాత్రం అడక్కండి. దాని బెరడు నమిలితే లేనివన్నీ కనిపిస్తాయట. పేరు తెలిస్తే రేపే కత్తులు పట్టుకుని బయల్దేరేవాళ్లున్నారు.

ఫిల్మ్‌నగర్ వెనక రాళ్లగుట్ట మీద, ఖాళీ జాగాలో ఆ జాతిది ఒక్కటే మిగిలింది. దానిమీద పరిశోధన చేసే వనజ మేడం నాలుగేళ్ల కిందట నన్ను కాపలా పెట్టారు. బడి మొహం చూడకుండా నాన్న దగ్గరే చదువుకున్నదాన్ని. నాకింత పని దొరికిందని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

"ఇన్నేళ్లకు కాయ పట్టింది కమలా. రెండు నెలలు కాపాడు. మాను చుట్టూ బెరడు చెక్కారంటే చెట్టు చచ్చిపోతుంది" అన్నారు మేడం.

"ప్రాణం పెట్టి చూస్తానండీ."

పెట్టాను కూడా. ఎక్కడ పెట్టానన్నదే గొడవ.

మధ్యలో వ్రతానికని వారం రోజులు అన్నవరం వెళ్లాను. వచ్చేసరికి జాగాలో సినిమా సెట్టు లేచింది: చెక్క గోడలు, రంగు డబ్బాలు, ఉత్తుత్తి గుడి. చెట్టు మాత్రం కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది! పాత కత్తిగాట్లన్నీ మానిపోయాయి. "స్వామీ, ఒక్క వ్రతానికే ఇంత ఫలమా!" అని కళ్లనీళ్లు పెట్టుకుని, బెరడు వాసన చూశాను. తల గిర్రున తిరిగింది. వెంటనే మేడం ఇచ్చిన పుస్తకంలో రాశాను: "బెరడులో మత్తు పెరిగింది. నమలక్కర్లేదు, వాసనే చాలు."

ఆ రోజు నుంచి బిందెడు నీళ్లు, పసుపు బొట్టు, ఇరవై ఒక్క ప్రదక్షిణలు, ఇంటికి చేరేదాకా మౌనం. నా పట్టుచీర కూడా మానుకు చుట్టాను. సెట్టు వాచ్‌మన్ యాదగిరి నా వెనకే తిరిగేవాడు.

"అమ్మా, జర నా మాట ఇను..."

"ష్ష్!"

"గిది గాదమ్మా..."

"ష్ష్ష్!"

కాయలు కోసే రోజు మేడం గుడ్డసంచులతో వచ్చారు. ఒక కాయ విరిచారు. లోపల తెల్లగా థర్మకోల్. మాను గోకారు. నా నీళ్లకు నానిన ప్లాస్టర్ పెచ్చుపెచ్చులుగా ఊడింది.

"కమలా, ఏంటిది?"

యాదగిరి నోరు విప్పాడు.

"సినిమోళ్లు చేసిన చెట్టు మేడం. హీరో కారుతోని గుద్దాల్నంట. రోజూ చెప్పబోయిన, అమ్మ చెప్పనియ్యలే."

"మరి నాకు తల తిరిగింది కదా!"

"రంగుల్ల కలిపే థిన్నర్ వాసనమ్మా. అందరికీ తిరిగింది."

"అసలు చెట్టేది?" మేడం చుట్టూ చూశారు.

సెట్టు చెక్క గోడ వెనక ఉంది. ఇరవై అడుగులే. మాను చుట్టూ బారెడు మేర బెరడు లేదు. ఆకులు రాలిపోయాయి. కాయలు పిందెల్లోనే ఎండిపోయాయి. నేను ఇటు ప్రదక్షిణలు చేస్తుంటే, అటు ఎవరో తీరిగ్గా ఒలుచుకుపోయారు.

మేడం నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ ఎండిన మాను మీద చెయ్యి వేసి చూశారు, ఖాళీ గుడ్డసంచులు మడిచి పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే సెట్టు వేసినాయన వచ్చి నాకు దణ్ణం పెట్టాడు. "ఆ పసుపు, ఆ చీర ఉండనివ్వండమ్మా. భలే కుదిరాయి. జనం నిజం చెట్టే అనుకుంటారు!"

కాబట్టి సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ చెట్టుకైనా ముందు గోటితో గోకి చూసి, ఆ తర్వాతే చేతులు జోడిస్తాను. వాచ్‌మన్ ఏదైనా చెప్పబోతే, మోక్షం మూరెడు దూరంలో ఉన్నా సరే, ఆగి వింటాను.