దక్షిణమే దిక్కు

మా ఎదురింటి అంకుల్ పోయారు. ఫిబ్రవరి మొదట్లో ఒక మధ్యాహ్నం భోంచేసి, ముందుగది కిటికీ దగ్గర ఎండ పడే కుర్చీలో కూర్చుని, పేపరు ఒళ్ళో పెట్టుకుని కునుకు తీశారు. లేవలేదు. ఎనభై దాటిన మనిషి. నొప్పి లేదు, హాస్పిటల్ లేదు, ముక్కులో గొట్టాలు లేవు. ఇలాంటి చావు కోసం జనం కాశీ వెళ్ళి కాపురాలు పెడతారు.

మా కాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది. అందరూ దండాల బొమ్మలు పెట్టారు, ఓం శాంతి అన్నారు. ఆ దండాల వరసలో ఒకాయన ఇలా రాశారు: "వెరీ సాడ్. సౌత్ ఫేసింగ్ హౌస్ కదా..."

చివర మూడు చుక్కలు. గౌరవనీయులైన పాఠకులారా, ఈ స్మృతి వ్యాసం నా చేత రాయిస్తున్నవి ఆ మూడు చుక్కలే. ఏడవాల్సిన రోజున నన్ను ఏడవనివ్వకుండా చేసినవి కూడా అవే. దుఃఖం వచ్చి కూర్చోవాల్సిన చోట కోపం ముందే వచ్చి కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

తెలియనివాళ్ళ కోసం మా భూగోళం కాస్త చెప్పాలి. నేను మినియాపోలిస్ శివార్లలో అక్కా బావల ఇంట్లో ఉంటాను. ఎమ్మెస్ అయిపోయింది, ఉద్యోగం దొరికింది, వీసా దేవుడి చేతిలో ఉంది. మా కాలనీలో తెలుగువాళ్ళు కొన్నవన్నీ తూర్పు ముఖం ఇళ్ళూ, ఉత్తరం ముఖం ఇళ్ళూ. దక్షిణం యముడి దిక్కు కాబట్టి ఆ ఇళ్ళు వాస్తు తెలియని అమాయకులకు వదిలేశారు. మాది ఉత్తరం, అంటే కుబేరస్థానం. ఈ ఇంటి కోసం బావ ఇంకో తెలుగాయనతో పోటీపడి మరీ గెలిచాడు. కుబేరుడు మాకు ప్రసాదించింది వాకిట్లో ఐసు. ఇంటి నీడ ఎప్పుడూ వాకిలి మీదే కాబట్టి, నవంబర్‌లో పడ్డ మంచు ఏప్రిల్ దాకా గట్టిపడి అలాగే ఉంటుంది. పార పట్టి పట్టి బావ నడుముకి బెల్టు వచ్చింది.

రోడ్డుకి అవతల అంకుల్ ఇల్లు. ఒంటి అంతస్తు, బాగా ఏటవాలు కప్పు, సరిగ్గా దక్షిణ ముఖం. రాత్రి ఎంత మంచు పడినా, తెల్లారి ఎండ కాస్తే మధ్యాహ్నానికల్లా ఆ డ్రైవ్‌వే నల్లగా తేలేది. అంకుల్ కాఫీ కప్పుతో అందులో నిలబడి, ఐసు తవ్వుతున్న నన్ను చూసి ఎంతో మర్యాదగా అడిగేవారు.

"ఏమ్మా, కుబేరుడి నిధి ఇంకా తగల్లేదా?"

అంకుల్ చర్మవ్యాధుల డాక్టరు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో గుంటూరు నుంచి వచ్చి, రిటైరయ్యేదాకా ఇక్కడే ప్రాక్టీసు చేశారు. ఉద్యోగమంతా జనానికి ఎండ తగలకుండా కాపాడిన మనిషి, రిటైరయ్యాక ఒక్క కిరణం వృథా పోనివ్వలేదు. దక్షిణం ఇల్లని తెలిసే కొన్నారు, ముందు కప్పంతా సోలార్ పలకలు పెట్టించడానికే కొన్నారు. మంచు ఎరగని అల్ఫారెట్టాలో ఉన్న నా క్లాస్‌మేట్ ఒకడు ఇది విని, మంచులో సోలారేమిటి, ఎడారిలో పడవలాగా, అని నవ్వాడు. ఆ మాట అంకుల్‌కి చేరవేస్తే ఆయన కూడా నవ్వి, పలకలకి కావలసింది వెలుతురమ్మా, వేడి కాదు, వేడెక్కితే అవీ మనలాగే నీరసపడతాయి, చలి వాటికి టానిక్కు అన్నారు.

వాళ్ళ ఇంటి గురించి ఎవరైనా ముఖం చిట్లిస్తే ఆయన దగ్గర ఒకటే జవాబు ఉండేది. దక్షిణామూర్తి కూడా దక్షిణానికే తిరిగి కూర్చున్నాడు, ఆయన్ని ఎవరూ ఇల్లు అమ్ముకోమనలేదే అనేవారు. ఆంటీ మాత్రం రెండువైపులా జాగ్రత్తపడే మనిషి. గుమ్మం పైన లోపలివైపు పంచముఖ ఆంజనేయుణ్ణి పెట్టారు. యముడు వస్తే ఐదు ముఖాల్లో ఏదో ఒకటి చూసుకుంటుందని అంకుల్ వేళాకోళం.

ఆయన చేసిన తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఇది సంతాప తీర్మానం అయిపోతుంది. పలకలు బిగించినవాళ్ళు గుమ్మం పైభాగంలో మంచు జారకుండా అడ్డుకమ్ములు పెట్టిస్తే మంచిదని చెప్పారు. తర్వాత చూద్దాంలే అన్నారు అంకుల్. ఆ శీతాకాలం మా బావ గులాబ్ జామూన్ల డబ్బాతో వెళ్ళి కాలింగ్ బెల్ నొక్కాడు. బెల్ మోగడం, కప్పు మీద మంచంతా ఒక్క ఊపున జారి బావ నెత్తిన పడడం ఒకేసారి జరిగాయి. తలుపు తీసిన ఆంటీకి ఎదురుగా ఒక మంచు దిబ్బ, దాంట్లోంచి బయటికి చాచిన చెయ్యి, చేతిలో డబ్బా కనిపించాయి. అది దక్షిణ గుమ్మం దోషమేనని బావ ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు. దోషం నాదే బాబూ, గుమ్మానిది కాదు అని అంకుల్ ఒప్పుకుని, వారం తిరక్కుండా కమ్ములు పెట్టించారు. ఆ తర్వాత మంచు పక్కనున్న పూలమడిలోనే పడేది.

మంచు పడ్డ రోజు ఆయన పద్ధతి చూసి తీరాలి. కప్పెక్కేవారు కాదు, ఎవరినీ ఎక్కనిచ్చేవారు కాదు. ఇనప పార ముట్టుకోనిచ్చేవారు కాదు. వేడినీళ్ళు కొడితే పోతుందిగా అని బావ ఓసారి సలహా ఇస్తే, గాజుకి పక్షవాతం తెప్పిస్తావా అని కోప్పడ్డారు. పొడవాటి కర్రకి మెత్తటి స్పాంజి పలక బిగించినది ఒకటి ఉండేది. నేలమీదే నిలబడి, దానితో అడుగు వరసలో మాత్రం మంచు లాగేవారు. జానెడు నలుపు కనిపించగానే ఆపేసేవారు. మొత్తం లాగొచ్చు కదా అంకుల్ అంటే, చీరకి అంచు కనిపిస్తే చాలమ్మా, మిగతాది ఎండ చూసుకుంటుంది అనేవారు.

నిజంగానే చూసుకునేది. ఆ జానెడు నలుపు వేడెక్కేది, వేడి పైకి పాకేది, కాసేపటికి పైనున్న మంచంతా ఒక్క దిమ్మలా విరిగి దబ్బున కింద పడేది. వంటింట్లోంచి ఆంటీ "ఎవరండీ?" అని అరిచేవారు. కుర్చీలోంచి అంకుల్ "ఎండ" అనేవారు. ఎన్ని శీతాకాలాలుగా ఆడుతున్నారో ఈ నాటకం, ఇద్దరూ నవ్వేవారు కూడా కాదు.

డిసెంబర్‌లో వారాలకి వారాలు మబ్బు పట్టి ఆయన ఫోన్‌లో సోలార్ ఉత్పత్తి గీత నేలకి అంటుకుని ఉన్నప్పుడు, ఏం అంకుల్, మీ యముడు సెలవులో ఉన్నాడా అని నేను ఏడిపించేదాన్ని. జ్వరంలో ఉన్న మనిషినీ, డిసెంబర్‌లో ఉన్న సోలార్‌నీ చూసి జాతకం చెప్పకూడదు అనేవారు.

ఇప్పుడు మూడు చుక్కల రచయిత గారి దగ్గరికి వద్దాం. ఈయన మా వీధి చివర తూర్పు ముఖం ఇంట్లో ఉంటారు. వారంలో ఐదు రోజులు క్లౌడ్ ఆర్కిటెక్ట్, శని ఆదివారాలు వాస్తు పండితులు. ఆర్కిటెక్ట్ అన్న మాట ఒకటే కాబట్టి ఇది కూడా తన శాఖేనని అనుకున్నట్టున్నారు. అగ్ని ఆగ్నేయంలో ఉండాలి గానీ దక్షిణం నెత్తిన ఉండకూడదనీ, పైగా ఆ పలకల నలుపు ఇంటికి అరిష్టమనీ అంకుల్‌కి చాలాసార్లు చెప్పారు. అంకుల్ కోప్పడగా నేను చూసింది రెండుసార్లే. ఒకటి వేడినీళ్ళకి, రెండోది ఈ నలుపు మాటకి. ప్రాక్టీసు చేసినన్నాళ్ళూ తెలుగు తల్లులు బంగారంలాంటి పిల్లల్ని తీసుకొచ్చి తెల్లబడే క్రీము రాయమని అడిగేవారట. వాళ్ళకి చెప్పిన మాటే ఈయనకీ చెప్పారు.

"నలుపు జబ్బు కాదు బాబూ. ఎండతో మనం కుదుర్చుకున్న ఒప్పందం."

పోయిన శీతాకాలం వాన కురుస్తూనే గడ్డకట్టి, చెట్లు విరిగి తీగల మీద పడి, కాలనీ మొత్తానికి కరెంటు పోయింది. కుబేరస్థానంలో హీటర్ ఆగింది. ఇంద్రుడి తూర్పులోనూ ఆగింది. సోలార్ ఉన్నా బ్యాటరీ లేకపోతే, దాని కరెంటు తీగల్లోకి పారి లైను బాగుచేసేవాళ్ళ ప్రాణం తీయకుండా అదీ ఆగిపోతుంది. అంకుల్ ముందే బ్యాటరీ పెట్టించుకున్నారు. దానికి చలి పడదని బేస్‌మెంట్‌లో, ఆంటీ ఆవకాయ జాడీల పక్కన ఉంచారు. కాలనీలో వెచ్చగా ఉన్నది ఆ ఒక్క ఇల్లే. అందరం దుప్పట్లతో, పిల్లలతో, ఫోన్ ఛార్జర్లతో అక్కడికే చేరాం. వాస్తు పండితులు కూడా కుటుంబంతో విచ్చేశారు. యమద్వారంలోంచి రావడం ఇష్టంలేక గరాజ్‌లోంచి వచ్చారు. ఆ గరాజ్ కూడా దక్షిణానికే ఉందని నాకు తెలుసు, ఆయనకి తెలుసు, ఆంజనేయుడికి కూడా తెలుసు. అంకుల్ మాత్రం ఏమీ అనకుండా తన కుర్చీ ఆయనకిచ్చి కాఫీ తెప్పించారు. ఆ రాత్రి అక్కడ ఉప్మా తిన్నవాళ్ళెవరూ చనిపోలేదు. కొంతమంది రెండోసారి కూడా వేయించుకున్నారు.

తర్వాత నేను గరాజ్ సంగతి ఎత్తి పండితుల్ని ఆడిపోసుకుంటుంటే అంకుల్ ఆపారు. చలిలో ఎవరికీ దిక్కులు గుర్తుండవమ్మా, దిక్కు ఒక్కటే గుర్తుంటుంది అన్నారు. ఇంటికి ముఖం తిప్పుకోవచ్చుగానీ దక్షిణాన్ని తీసేయలేరు, మీ ఇంటికీ ఉంది, వీపు వెనకాల అని మా వెనక కప్పు వైపు చూపించారు కూడా. బావ ఆ పూట వినలేదు.

అదే ఇల్లు, అదే కాఫీ, అదే ఉప్మా. ఏడాది తిరిగేసరికి మూడు చుక్కలు!

పదోరోజు కార్యం అయ్యాక అందరం ఆంటీ ఇంట్లో ఉన్నాం. ముందు రాత్రే మంచు పడింది, కప్పంతా తెల్లగా ఉంది. శాంటా క్లారా నుంచి వచ్చిన కూతురు లోపల గిన్నెలు సర్దుతోంది. అమ్మ ఇక్కడే ఉంటుందా తనతో వస్తుందా అన్నది ఆమె ఇంకా అడగలేదు, అడగడానికి అది సమయం కాదని ఆమెకి తెలుసు. పండితులకి తెలియదు. టాబ్లెట్‌లో ఇంటి ప్లాను తెరిచి ఆంటీ ముందు కూర్చున్నారు. గొంతులో జాలి బాగానే ఉంది, అది దొంగజాలి అని కూడా అనను, అదే నాకు ఇంకా మండింది. జరిగిందేదో జరిగిందట. ఇకనైనా ఆ నల్ల పలకలు దింపించేసి, దక్షిణ గుమ్మం మూయించి, తూర్పు పక్క తలుపు వాడుకోవాలట. తర్వాత నెమ్మదిగా అమ్మేసుకోవచ్చట.

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి గిల్లింది. ఆంటీ ఆ ప్లాను వైపు చాలాసేపు చూశారు.

"ఆ ఐసు తుఫాను రోజు నువ్వు ఎటునుంచి వచ్చావు బాబూ?"

"గరాజ్‌లోంచి ఆంటీ."

"అది ఎటుంది?"

పండితులు టాబ్లెట్‌ని ఇటు తిప్పారు, అటు తిప్పారు. ఎలా తిప్పినా ఇల్లు తిరగలేదు.

"ఎనభై దాటినవాళ్ళు ఏ దిక్కున ఉన్నా పోతారు నాయనా," అన్నారు ఆంటీ. గొంతు పెంచలేదు. "ఆయన పోయాక నాకు మిగిలిన దిక్కు ఇదొక్కటే. దీన్ని కూడా మూసెయ్యమంటావా?"

వంటింటి గుమ్మంలో కూతురు గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. పండితులు టాబ్లెట్ మూసి, చెప్పులు వెతుక్కుని బయల్దేరారు. కంగారులో ఈసారి గరాజ్ గుర్తురాలేదు. ఆంజనేయుడి కిందనుంచి, ముందు గుమ్మంలోంచే వెళ్ళారు. సభ్యత కొద్దీ నేను చప్పట్లు కొట్టలేదు. అక్క చెయ్యి ఇంకా నా చేతిమీదే ఉండడం కూడా ఒక కారణం.

మర్నాడు ఎండ కాసింది. మా వాకిట్లో బావా నేనూ నిధి తవ్వుతున్నాం. ఎదురింటి తలుపు తెరుచుకుని ఆంటీ బయటికొచ్చారు. ఒంటి మీద అంకుల్ జాకెట్, వేళ్ళు దాటి వేలాడే దాని చేతులు, పిడికిట్లో ఆ స్పాంజి కర్ర. పార అక్కడే పడేసి రోడ్డు దాటాను. కర్ర నేను అందుకున్నాను. జాగ్రత్త, అంచు చాలు అని ఆంటీ పక్కనుంచి చెప్పారు. జానెడు నలుపు కనిపించగానే ఆపేశాను. ఇంకా లాగాలని చేతులు తహతహలాడాయి, అయినా ఆపేశాను.

కాఫీ తాగి వెళ్ళమని ఆంటీ వంటింట్లోకి వెళ్ళారు. కూతురు లోపలి గదిలో ఎవరితోనో, తన తిరుగు టికెట్ ఒక్కటే మార్చుకోవాలని ఫోన్‌లో చెబుతోంది. ముందుగదిలో నేనొక్కదాన్నే నిలబడ్డాను. కుర్చీ కిటికీ దగ్గరే ఉంది, ఎవరూ జరపలేదు, ఎవరూ కూర్చోలేదు. రోడ్డుకి అవతల బావ పార మీద ఆనుకుని, మా ఇంటి వెనక కప్పు కనిపిస్తుందేమోనని మెడ సాచి చూస్తున్నాడు.

కప్పు మీద ఏదో విరిగిన చప్పుడు. తర్వాత బరువుగా జారడం. తర్వాత పూలమడిలో దబ్బున.

"ఎవరండీ?" అని వంటింట్లోంచి వినిపించింది.

గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఆ "అండీ" నాకు కాదు. కానీ ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ జవాబు లేకుండా ఉండిపోలేదు.

"ఎండ, ఆంటీ," అన్నాను.

కాసేపటికి చెంచా కప్పులో తిరుగుతున్న చప్పుడు మొదలైంది. కిటికీ బయట చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి, ఒకదాని వెనక ఒకటి, మూడుతో ఆగకుండా. వాటి నీడలు ఖాళీ కుర్చీ మీదుగా జారిపోతున్నాయి.