మా అత్తా, డిటెక్టివ్ నవలలూ

మొన్న మా మనవరాలు నెల్లూరు పుస్తక ప్రదర్శన నుంచి కొత్త డిటెక్టివ్ నవల తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నున్నటి అట్ట, తెల్లటి కాగితం. పుట తిప్పగానే అచ్చు సిరా వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఎండ సగం దాకా పాకిన ఒక వెనక వసారా కనబడుతుంది. అక్కడ కాళ్ళు చాపుకుని, చింతపండులో గింజలు తీస్తూ, "ఊఁ, తర్వాత?" అంటూ మా అత్త రమణమ్మ కూర్చుని ఉంటుంది.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో నాకు పెళ్ళయింది. మాది గూడూరు. ఎస్సెస్సెల్సీ ప్యాసై, నెల్లూరులో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చిన ఏడాదే, కోట అనే ఊరి దగ్గర పల్లెలో వరి పండించే ఇంటికి కోడలిగా వచ్చాను. సీటు పోయిందని ఎవరూ బాధపడలేదు. నేను పడ్డాను కానీ పైకి అనలేదు. అప్పట్లో మద్రాసు నుంచి చిన్న సైజు డిటెక్టివ్ నవలలు నెలనెలా వచ్చేవి. నాలుగైదింటిని పెట్టెలో చీరల కింద దాచి తెచ్చుకున్నాను. అత్తగారింట్లో అవి బయటపడితే ఏమంటారోనని పెట్టెకు ఎప్పుడూ తాళం వేసే ఉంచేదాన్ని.

ఒకరోజు తాళం మరిచిపోయాను. పట్టుచీర ఎండలో వేద్దామని పెట్టె తెరిచిన అత్త చేతిలోకి నవల వచ్చింది. అట్ట మీద నల్లకోటు మనిషి, పిస్తోలు, నోరు తెరుచుకున్న అమ్మాయి. నేను గుమ్మంలో బిగుసుకుపోయాను. అత్తకు చదువు రాదు. బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ పిల్ల ఎందుకు అరస్తా ఉండాది?"

"ఎవరో చంపడానికి వస్తున్నారత్తా."

"ఎవురు?"

"చివరిదాకా చదివితే గానీ తెలీదు."

అత్త చీర సంగతి మరిచిపోయి అక్కడే కూర్చుంది. "అయితే చదువు."

అట్లా మొదలైంది. అన్నాలయ్యాక రోజూ వసారాలో ఒక అధ్యాయం. మా ఆయన గూడూరు వెళ్ళినప్పుడల్లా కొత్త నవల తెచ్చేవారు. అత్త ఊరికే వినేది కాదు, నవలలో మనుషుల్ని పక్కింటివాళ్ళలాగా తూకం వేసేది. "అంత తియ్యగా మాట్లాడేవాడికి ఏదో పనుంటాది" అనేది. చాలాసార్లు ఆమె చెప్పినవాడే హంతకుడయ్యేవాడు. ఒకసారి మాత్రం మొదటినుంచీ వంటవాణ్ణి అనుమానించింది. చివరికి చంపింది యజమాని తమ్ముడని తేలింది. ఆ సాయంత్రం గొడ్లకు కుడితి పెడుతూ, "వాణ్ణి అన్యాయంగా అనుకున్నాం గదా, పాపం" అంది. ఆ వంటవాడు అచ్చులో తప్ప ఎక్కడా లేడని నాకు గుర్తుచేయబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఏ నవలలోనైనా ఎవరిమీదైనా తొందరపడి మాట అనేముందు ఆగేది. ఊళ్ళో మనుషుల విషయంలోనూ అంతే.

మా మామయ్యకు ఇదంతా నచ్చేది కాదు. "పొద్దస్తమానం ఇంట్లో హత్యలేంది?" అన్నారొకరోజు.

"మీరు వినే పురాణంలో చావులు లేవా?" అంది అత్త, గింజలు తీయడం ఆపకుండా.

"అవి వేరు."

"అవును. దాంట్లో ఎవురు చంపినారో ముందే తెలుసు."

మామయ్య కండువా దులుపుకుని పొలానికి వెళ్ళిపోయారు.

నవల సగంలో ఉండగానే నేను పురిటికి గూడూరు వెళ్ళాల్సి వచ్చింది. మిగతాది చదివి పెట్టమని మా ఆయనకు అప్పజెప్పాను. ఆయన నాలుగు పుటలకొకటి చదివి, "మొత్తానికి వాడు పారిపోయినాడమ్మా" అని ముగించేవారట. అత్తకు ఆనలేదు. పుస్తకం లాక్కుని మామయ్య ముందు పెట్టింది. "నాకు అక్షరాలు చూపించండి" అంది.

మామయ్య నవ్వారట. ఆమె అక్కడినుంచి కదలకపోయేసరికి పలక తెచ్చి అ, ఆ దిద్దించబోయారు. అత్త పలక పక్కన పెట్టేసింది. "ఇవన్నీ తర్వాత. ముందు గిరి అని ఎట్ట రాస్తారో చెప్పండి." గిరి ఆ నవలలో మనిషి. ఆమె అనుమానమంతా వాడి మీదే. అట్లా మా అత్త నేర్చుకున్న మొదటి అక్షరాలు గి, రి. పుటంతా వెతికి వాడి పేరు ఎక్కడెక్కడుందో వేలు పెట్టి చూపించేదట. ఆ పేరు పట్టుకునే ఒక్కో అక్షరం దాటుకుంటూ వెళ్ళింది. పురాణాలు తప్ప చదవని మామయ్య, ఆమెకు చెప్పడం కోసం ఆ నవల మొదటినుంచీ చదవాల్సి వచ్చింది.

నేను బిడ్డతో తిరిగొచ్చిన మర్నాడు మధ్యాహ్నం, పాపకు పాలిస్తుంటే అత్త పుస్తకం పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది. చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది.

"చదవలేదా?" అన్నాను.

"నువ్వు లేకుండా ఎట్టా?"

ఆమే చదివింది. కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర ఆగుతూ. మామయ్య స్తంభం పక్కన నిలబడి, తప్పు చదివినచోట మెల్లగా అందించారు. గిరే హంతకుడు. పుస్తకం మూసి అత్త కొంగుతో అట్ట తుడిచింది. తర్వాత అడిగింది.

"ఆ ట్రైనింగుకు మళ్ళా సీటిస్తారా?"

ఆ మాట ఆమె మనసులో ఉందని నాకు తెలియదు. "ఏమో అత్తా. పాప ఉంది కదా" అన్నాను.

"పాపకు నేనుండాను."

మామయ్య ఏదో అనబోయారు. అత్త తలెత్తి చూసింది. "ఈ నాలుగు అక్షరాలకు నాకు తల నెరిసిందాకా పట్టినాది. ఇంత చదువున్నదాన్ని మనం చింతపండు దగ్గర కూచోబెట్టుకున్నాం" అంది. మామయ్య ఆ తర్వాత అడ్డు చెప్పలేదు. దరఖాస్తుకు ఆయనే నెల్లూరు తోడొచ్చారు.

ట్రైనింగులో ఉండగా అత్త దగ్గరనుంచి కార్డులు వచ్చేవి. వంకర అక్షరాలు, దీర్ఘాలు ఉండవు. పాప బాగుందని ఒక వాక్యం, మిగతా కార్డంతా కొత్త నవల సంగతులు. పాప మీద బెంగతో ఏడుస్తూ అందుకున్న కార్డు చదివి నవ్విన రోజులున్నాయి.

అత్త నిండుగా బతికి వెళ్ళిపోయింది. చివరి ఏళ్ళలో కళ్ళు మసకబారితే మా అమ్మాయి చదివి వినిపించేది.

ట్రైనింగు ముగిశాక నాకు ఉద్యోగం పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెలో వచ్చింది. మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు కూడా చదువు చెప్పమన్నారు. మొదటిరోజు నా ముందు కూర్చున్న పోలమ్మను, "నీకేం చదవాలనుంది?" అని అడిగాను.

"ఎవురినీ అడక్కుండా నెల్లూరు బస్సెక్కాల."

నేను పలక తీసుకుని 'నె' రాశాను.