ముసాఫిర్‌ఖానా గోడమీది వంకర పూలు

అజీముద్దీన్ మేస్త్రికి పరంజ ఎక్కితే దిగబుద్ధి, దిగితే ఎక్కబుద్ధి. ఆ మనిషి పది నిమిషాలు ఒక్కకాడ నిలవడంగ నేను సూడలే.

పంతొమ్మిది వందల యాభై ఏడుల, కరీంనగర్ల బాటసారులు దిగే పాత ముసాఫిర్‌ఖానా ముంగటి గోడ బాగుచేయించే పని ఓవర్సీర్నని నా మీద పడ్డది. గానుగల నూరిన డంగు సున్నంతోని గోడకు ఎన్కట పెట్టిన పూలు సగం రాలిపోయినయి. వాటిని మళ్ల అట్లనే పెట్టేటోళ్లు ఇద్దరే దొరికిండ్రు: అజీముద్దీన్, ఆయనకు పని నేర్పిన ముసలి మేస్త్రి రాయమల్లు. నెలరోజులల్ల కలెక్టర్ సాబ్ వచ్చి రిబ్బన్ కత్తిరించాలె.

రాయమల్లు కూసున్నకాడికెళ్లి కదలకపోయేది. అజీముద్దీన్ రెండు ఆకులు పెట్టంగనే సర్రున దిగి, సడక్ దాటి, జబ్బార్ చాయ్ హోటల్ ముంగట నిలవడి ఒక కన్ను మూసి గోడను సూసేటోడు.

"అరె, వంకర! నాదే వంకర!" అని తలకాయ కొట్టుకుంట మళ్ల ఎక్కి, గీకి, కొత్తగ పెట్టేటోడు. ఒక్కనాడే నలభై మూడుసార్లు దిగిండు. జబ్బార్ ఆయనకు పోసిన చాయ్ ఏనాడూ వేడిగ తాగలే.

"ఒక్కకాడ ఉండరాదయ్యా! కలెక్టర్ వచ్చేనాటికి పూలు కాదు, నా నౌకరీ రాలుతది!" అని నేను మొత్తుకునేటోన్ని.

"ఫికర్ చెయ్యకుండ్రి సాబ్," అనుకుంటనే దిగేటోడు. ఇగ పనిల నుంచి తీసేద్దామనే అనుకున్న.

గంతల చుట్టాల పెండ్లి ఉన్నదని అజీముద్దీన్ రెండు రోజులు నిర్మల్ పోయిండు. నా పానం నిమ్మళమైంది. రాయమల్లు ఒక్కడే సప్పుడుజెయ్యక పనిజేసిండు. మాపటికి సడక్ అవతలికి పోయి సూసిన. ఒక పువ్వు పైన మొగులును సూస్తుంది, పక్కది కింద మోరీని సూస్తుంది. పరంజ ఎక్కిన. రాయమల్లు ఆకు అంచును వేళ్లతోని తడుముతుండు. కండ్లల్ల తెల్లటి పొర.

మూడోనాడు అజీముద్దీన్ బస్సు దిగి ఉరికొచ్చిండు. గోడను సూసిండు, నన్ను సూసిండు.

"మాఫ్ చెయ్యుండ్రి సాబ్! నిన్న నేను పెట్టినయి వంకరొచ్చినయి."

"నిన్న నువ్వు నిర్మల్ల ఉంటివి గదయ్యా!"

"గక్కడి నుంచే పెట్టిన సాబ్."

నాకు నవ్వాగలే. ఆయన మాత్రం నా రెండు చేతులు వట్టుకున్నడు. "రాయమల్లు కాక కంటి ఆపరేషన్‌కు వచ్చే నెల తారీఖిచ్చిండ్రు. గప్పటిదాక ఇంట్ల కూసోవెడితే కాక కుంగిపోతడు. ఎవ్వలకూ చెప్పకుండ్రి. కాకకైతే అసలే తెల్వద్దు."

మరునాడు అజీముద్దీన్ సడక్ అవతల ఉన్నప్పుడు రాయమల్లు పక్కన కూసున్న. "కండ్లెట్లున్నయి కాకా?"

"కండ్లు పోతే చెవులు గూడ పోతయా సారూ? నా పూలను వాడు గీకే సప్పుడు రోజూ వింటున్న."

"మరి ఊకున్నవేంది?"

"నా ఇజ్జత్ కాపాడుతున్ననని వాడు సంబురపడుతుండు. పడనియ్యుండ్రి. నాకు తెలిసిందని వానికి చెప్పకుండ్రి, మనసు నొచ్చుకుంటడు."

నేను కిందికి దిగి పై ఆఫీసుకు చిట్టీ రాసిన: గోడమీది సున్నం ఇంక ఆరలే, కలెక్టర్ సాబ్ జర రెండు నెలలు ఆగాలె.