గడప మీద ఆగే మనిషి

లవోన్ టెష్ ఇరవై తొమ్మిదేళ్లు అమెరికాలో రాక్ నది ఒడ్డున కార్ల ఫ్యాక్టరీలో రంగు చూసింది. వెయ్యడం వేరేవాళ్ల పని, చూడడం ఆమె పని. పొడుగాటి దీపాల కింద బండి వెనక బండి వస్తుంటే, రంగు మీద బుడిపె గాని, ఈగ కాలంత మచ్చ గాని కనబడితే మైనపు పెన్సిల్‌తో దాని చుట్టూ సున్నా చుట్టేది. ఆమె సున్నా చుట్టిన చోట మచ్చ లేదని అన్ని ఏళ్లలో ఏ ఫోర్‌మనూ అనలేదు. అందామని ఒకడు నోరు తెరిచాడు గాని, వంగి చూసి మూసుకున్నాడు.

ఫ్యాక్టరీ మూతబడింది. ఆమెకప్పుడు యాభై ఎనిమిది. తోటివాళ్లు కొందరు నర్సు చదువుకి వెళ్లారు, కొందరు పక్క రాష్ట్రానికి బండి కట్టారు, కొందరు టీవీ ముందు కూర్చున్నారు. లవోన్ పేపర్లో ప్రకటన చూసి మాడిసన్ నగరానికి వెళ్లింది. వీడియో గేములు చేసే కంపెనీకి తప్పులు పట్టేవాళ్లు కావాలట, రెండు నెలల పని. అక్కడి పెద్ద కోడీ బ్రాండ్‌వోల్డ్‌కి ఇరవై ఏడేళ్లు. ఇదివరకు ఏ ఆటలు ఆడారని అడిగాడు. యూకర్ పేకాట ఆడతాననీ, గెలుస్తాననీ చెప్పింది. అతను నవ్వాడు గాని తీసుకున్నాడు.

ఆ ఆట పేరు ‘కోల్డ్ మినిట్’. ఆడేవాడికి తన మొహం కనబడదు, రెండు చేతులే కనబడతాయి. ఒక చేతిలో తుపాకీ, రెండో చేతికి ఇత్తడి తొడుగు. ఆ తొడుగు చెయ్యి ఎత్తితే తొమ్మిది సెకన్లు కాలం ఆగిపోతుంది. వస్తున్న గుండు గాలిలో నిలబడుతుంది, నువ్వు పక్కకి తప్పుకోవచ్చు. కూలిన మెట్లవైపు తిప్పితే మెట్లు మళ్లీ కొత్తవైపోతాయి. ఆలోచన మంచిదే. మంచి ఆలోచనలకి మన లోకంలో జరిగే మర్యాదే దానికీ జరిగింది, అది తర్వాత.

భర్త ఎల్‌రాయ్ మంచు తోసే బండి నడుపుతాడు. నలభై ఏళ్లుగా జింకల వేటకి రమ్మంటే రాని మనిషి ఇప్పుడు రోజుకి ఎనిమిది గంటలు తుపాకీ పట్టుకుంటోందని ఊరందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనిమ్మంది ఆమె.

ఆఫీసులో పక్క కుర్చీలో టౌ వాంగ్ కూర్చునేవాడు. లావోస్ కొండలనుంచి వలస వచ్చిన హ్మాంగ్ వాళ్ల పిల్లాడు, ఇరవై మూడేళ్లు, ఆమెని పెద్దమ్మా అని పిలిచేవాడు. ఒక అంకాన్ని పదకొండు నిమిషాల్లో ముగించేవాడు. లవోన్‌కి గంటన్నర పట్టేది. అందరూ పరిగెత్తే చోట ఆమె నడిచింది. కాలం వెనక్కి తిప్పినప్పుడు చచ్చిన సిపాయి లేచి నిలబడ్డాడు గాని అతని టోపీ నేలమీదే ఉండిపోయిందని రాసింది. మూడు కాళ్ల కుర్చీకి నాలుగు కాళ్ల నీడ పడుతోందని రాసింది. మొదటి నెలలోనే అరవై పైగా పట్టింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఆటలో బాయిలర్ గదిలో ఆమె చచ్చిపోయింది. చచ్చిపోతే ఆట తను చివర గుర్తు పెట్టుకున్న చోటునుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఈసారి మొదలైంది గాని, లోకమంతా ఆగిపోయి ఉంది. గొట్టంలోంచి కారే చుక్కలు గాలిలో వేలాడుతున్నాయి. సిపాయి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. తలుపు తెరుచుకోదు. తొమ్మిది సెకన్లు పోయాయి, పది నిమిషాలు పోయాయి. మెషిన్ ఆపి మళ్లీ వేసినా అంతే. ఇంట్లో పన్నెండు గంటలు ఆడినవాడికి ఇలా అయితే ఆ పన్నెండు గంటలూ గంగలో కలిసినట్టే. టౌ భోజనానికి వెళ్లాడు. అతను వచ్చేలోగా అన్ని మెషిన్లలోనూ కొత్త కూర్పు ఎక్కించారు, పాతవన్నీ చెరిగిపోయాయి. చూసింది ఆమె ఒక్కతే.

రాసి ఇచ్చింది. కోడీ ఇరవై సార్లు ప్రయత్నించాడు, టౌ ముప్పై సార్లు, రాలేదు. ఆ ఆఫీసులో మళ్లీ రాని తప్పు తప్పే కాదు. ఆట ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకునే భాగమంతా రాసిన గ్యారీ లిండెమన్ స్వయంగా కిందికి దిగి వచ్చాడు. మంచివాడే, మెత్తగా మాట్లాడతాడు.

“లవోన్, రోజంతా తెర చూస్తే ఎవరి కళ్లయినా అలిసిపోతాయి,” అన్నాడు.

“నీ కళ్లు అలిసిపోయాయేమో. నావి పనిచేస్తున్నాయి.”

అతను మాట పెంచలేదు. ఆమె కాగితం కింద ‘మళ్లీ రాలేదు’ అని రాసి వెళ్లాడు. బుధవారం డిస్కు అచ్చుకి వెళుతుంది. ఆలోగా రాకపోతే ఆ కాగితం మూసేస్తారు. తన మాట కొట్టేస్తే ఊరుకుని ఇంటికి పోవడం లవోన్‌కి చేతకాదు. లేని మచ్చకి సున్నా చుట్టిందన్న పేరుతో ముసలితనంలోకి వెళ్లడం ఆమెకి ఇష్టం లేదు. శుక్రవారం రాత్రి వేపిన చేప కూడా సగమే తింది.

ఆదివారం ఎల్‌రాయ్ చెల్లెలు ఆర్లిస్ ఇంట్లో పేకాట. నాలుగింటికి ఎల్‌రాయ్ మోకాళ్లు చరుచుకుని ‘సరే మరి’ అన్నాడు. ఆ దేశంలో అది వెళ్లడం కాదు, వెళ్లడానికి మొదలు. వంటింట్లో పావుగంట నిలబడ్డారు. బూట్లు తొడుక్కున్నాక తలుపు దగ్గర ఇంకో పావుగంట. లవోన్ మెట్టు దిగి మంచులో నిలబడి ఉంది. ఎల్‌రాయ్ తలుపు సగం తెరిచి, గడప మీద కాలు పెట్టి, చెల్లెలికి ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి ఎలా తుడవాలో చెబుతున్నాడు.

“అన్నయ్యా, లోపలికన్నా రా, బయటికన్నా పో. ఇంట్లో వేడంతా వీధిలోకి పోతోంది,” అంది ఆర్లిస్.

“పోతున్నాగా. చెప్పేది అయిపోనీ.”

“నీది ఎప్పుడయింది గనక.”

లవోన్ మొగుడి కాళ్లకేసి చూసింది. తనూ అంతే. పుట్టి బుద్ధెరిగాక ఏ ఇంట్లోకీ ఒక్క అడుగులో వెళ్లలేదు. గడప మీద ఆగాలి, బూట్లు విప్పాలి, లోపల ఎవరున్నారో చూడాలి. ఆటలోనూ అలాగే చేసింది. గది గుమ్మంలో ఆగేది, తొడుగు చెయ్యి ఎత్తి కాలాన్ని నిలబెట్టేది, తీరిగ్గా లోపలంతా చూసుకునేది. ఆట కూడా గుమ్మం దాటే చోటే, తెర మూల చిన్న చక్రం తిప్పుతూ, తన గుర్తు పెట్టుకుంటుంది. కుర్రాళ్లెవరూ అక్కడ ఆగరు, దూసుకుపోతారు. ఆమె ఆపిన కాలాన్ని ఆట ఆగినది ఆగినట్టే గుర్తు పెట్టుకుందేమో.

దారంతా ఆమె కారు అద్దంలోంచి బయటికే చూసింది. కోపమా అని ఎల్‌రాయ్ అడిగాడు. “ఊరుకో, బాయిలర్ గదిలోకి నడుస్తున్నాను,” అంది. కారులో కూర్చుని నడవడమేమిటో అతనికి తెలియలేదు, అడగనూ లేదు.

సోమవారం పొద్దున్న ఆట నడిపే మీట తను ముట్టుకోకుండా టౌ చేతికిచ్చింది.

“పరిగెత్తకు. గడప మీద ఆగు.”

“ఎందుకు?”

“ఒకళ్ల గదిలోకి వచ్చావు కదా.”

“తుపాకీతో వచ్చాను పెద్దమ్మా.”

“అయినా ఆగు. ఇప్పుడు చెయ్యి ఎత్తు. ఆ మూల చిన్న చక్రం తిరుగుతోందే, అది ఆగేదాకా కదలకు.”

చక్రం ఆగింది. ఇక వెళ్లి చావమంది. టౌ సిపాయిలకి ఎదురెళ్లి చచ్చాడు. ఆట మళ్లీ తెరుచుకుంది. చుక్కలు గాలిలో వేలాడుతున్నాయి. టౌ మీట బల్లమీద పెట్టి, లేచి వెళ్లి కోడీని తీసుకొచ్చాడు. కోడీ గ్యారీని పిలిపించాడు.

గ్యారీ తనే పది సార్లు చేసి చూశాడు. పది సార్లూ వచ్చింది.

“అసలు గుమ్మంలో ఎవరు నిలబడతారు?” అన్నాడు, సగం తనలో తనే.

“మా అమ్మ నిలబడుతుంది,” అన్నాడు కోడీ. “మొన్న క్రిస్మస్‌కి అరగంట నిలబడింది.”

గ్యారీ కూర్చుని, ‘మళ్లీ రాలేదు’ కొట్టేసి, ‘పదికి పది’ అని రాశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

“మొన్న మీ కళ్ల గురించి అన్నాను.”

“అన్నావు.”

“అనకుండా ఉండాల్సింది.”

“అవును. కూర్చుని బాగుచెయ్యి.”

సరిగ్గా బాగుచెయ్యాలంటే వారం కావాలట, ఉన్నవి రెండు రోజులు. అందుకని గ్యారీ దగ్గరి దారి పట్టాడు: గడప మీద ఉన్నంతసేపూ తొడుగు పనిచెయ్యదు, ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోతుంది. బుధవారం డిస్కు వెళ్లింది. నెలాఖరుకి లవోన్ పనీ అయిపోయింది. చివరిరోజు ఆమె చేసుకొచ్చిన గుమ్మడికాయ కేకు టౌ మూడు ముక్కలు తిన్నాడు.

ఆట జూన్‌లో బయటికొచ్చింది. అదే నెలలో పెద్ద పేరున్నవి రెండు వచ్చాయి, దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. పత్రికల్లో నాలుగు వాక్యాలు రాశారు, అందులో రెండు పేరు గురించి. ఆకులు రాలే వేళకి దుకాణంలో చివర తగ్గింపు బుట్టలో పడి ఉంది. పాలకి వెళ్లిన లవోన్ పాలతోపాటు ఒకటి తెచ్చుకుంది. ఆట ఆడే మెషిన్ కోసం మేనల్లుడికి ఫోన్ చేసి, అడగడం కాదు, తెమ్మనే చెప్పింది.

శనివారం మధ్యాహ్నం ఎల్‌రాయ్ పక్కన కూర్చుని చూస్తుండగా బాయిలర్ గదిదాకా నడిచింది. గుమ్మంలో ఆగింది. ఇత్తడి చెయ్యి ఎత్తింది. చెయ్యి సగం లేచి, మెల్లగా దిగిపోయింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ దిగింది.

“ఆ చెయ్యి పాడైనట్టుందే,” అన్నాడు ఎల్‌రాయ్.

“లేదు,” అంది లవోన్. “బాగుచేశారు.”

ఇంకాసేపు గడప మీదే నిలబడి, గది నాలుగు మూలలూ చూసుకుని, అప్పుడు లోపలికి వెళ్లింది.